దేశం లేనివాళ్ళ ఓటు

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఇంత వర్షంలో కూడా వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, కూర్చోండి.

2015 డిసెంబరులో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. చలికాలం రాగానే మన ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్వెట్టర్ల దుకాణాలు పెడతారు కదా. మనవడికి స్వెట్టర్ కొందామని వెళ్ళాను. దుకాణంలో ఒక నలభై ఏళ్ళావిడ, ఆవిడ తమ్ముడు ఉన్నారు. ఇద్దరూ ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ గట్టిగట్టిగా వాదించుకుంటున్నారు. నేను వచ్చింది కూడా గమనించలేదు. డబ్బు లెక్కల్లో ఏదో తేడా వచ్చిందేమో అనుకున్నాను. కాసేపాగి, "ఏమ్మా, ఏమైంది?" అన్నాను. ఆవిడకి ఒరియా బాగా వచ్చు, తెలుగు కొంచెం వచ్చు. "ఎలక్షన్ బాబూ, మా ఎలక్షన్" అంది.

నాకు అర్థం కాలేదు. డిసెంబరులో ఎలక్షనేమిటి? ఎక్కడ? "మీది నేపాల్ కదమ్మా" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "కాదు బాబూ, టిబెట్" అంది.

నేను ముప్పయ్యేళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పాను. బ్రిటన్ పార్లమెంటు గురించి, స్విట్జర్లాండ్‌లో ప్రజలు నేరుగా చట్టాల మీద ఓటు వెయ్యడం గురించి పిల్లలకు నోట్సు చెప్పాను. కానీ నా ఊళ్ళో ప్రతి చలికాలం నాకు స్వెట్టర్ అమ్మే మనిషికి ఒక పార్లమెంటు ఉందని, దానికి ఆవిడ ఓటేస్తుందని నాకు తెలీదు. ఆ రోజు నిజంగా సిగ్గుపడ్డాను. అప్పటినుంచి చదువుతున్నాను. రెండుసార్లు చంద్రగిరి కూడా వెళ్ళొచ్చాను. తిరుపతి పక్కన చంద్రగిరి కాదు. మన పర్లాకిమిడి దాటి వెళితే, ఒడిశాలో గజపతి జిల్లా కొండల్లో ఉంది. 1963లో టిబెటన్లకు అక్కడ భూమి ఇచ్చారు. మొక్కజొన్న వేస్తారు, పంట అయ్యాక స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊళ్ళ మీదికి వస్తారు. దగ్గర్లోనే జిరంగ్‌లో పెద్ద బౌద్ధ విహారం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మనలో చాలామంది అక్కడికి పిక్నిక్ వెళ్ళి ఫోటోలు దిగి వచ్చినవాళ్ళమే. విహారం చూశాం. పక్కనే ఉన్న మనుషుల సంగతి అడగలేదు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ మనుషుల సంగతి.

ముందు ఒక ప్రశ్న. ప్రజాస్వామ్యం ఎవరు ఎవరికిచ్చారు? మన దగ్గర పోరాడి తెచ్చుకున్నాం. ఫ్రాన్సులో రాజు తల తీసి తెచ్చుకున్నారు. మరి టిబెటన్లు? వాళ్ళ కథలో ప్రజలు అడగలేదు. దేవుడిలా కొలిచే మనిషే ప్రజల దగ్గరికి వచ్చి, తీసుకోండి, తీసుకోండి అని బతిమాలాడు. వాళ్ళు వద్దన్నారు. ఒకసారి కాదు, యాభై ఏళ్ళపాటు వద్దంటూనే వచ్చారు. ఆయన ఇస్తూనే వచ్చాడు. ఇలాంటి కథ ఇంకెక్కడైనా ఉందా? నాకైతే ఇంకోటి కనబడలేదు.

టిబెట్ చైనా చేతిలోకి పోయాక, 1959 మార్చిలో, వాళ్ళ మతగురువూ పాలకుడూ అయిన దలైలామా రాజధాని లాసా నుంచి బయటపడ్డారు. అప్పుడాయన వయసు 23. ఆ నెలాఖరుకి మన దేశంలో అడుగుపెట్టారు. వెనకాలే వేలమంది వచ్చారు. మంచు కొండలు దాటి వచ్చినవాళ్ళు మన మైదానాల ఎండలకు, జబ్బులకు తట్టుకోలేక ఎంతోమంది చనిపోయారు. చాలామందిని హిమాలయాల్లో రోడ్లు వేసే పనులకు పంపారు. చేతిలో గునపం, రాత్రికి గుడారం. తిండికే దిక్కులేని సమయం అది. అలాంటప్పుడు ఏ నాయకుడైనా ఏం చేస్తాడు? ముందు పొట్ట సంగతి చూద్దాం, ఎన్నికలు తర్వాత అంటాడు. అవునా కాదా?

దలైలామా అలా అనలేదు. 1960 ఫిబ్రవరిలో బోధ్‌గయలో జనం చేరారు. మేమంతా ఒక్కటిగా ఉంటాం అని ప్రమాణం చేశారు. ప్రతినిధుల్ని ఎన్నుకోండి అని ఆయన అక్కడ చెప్పారు. ఆ ఏడాదే ఎన్నుకున్నారు. పదమూడు మంది. మూడు ప్రాంతాల నుంచి ముగ్గురేసి తొమ్మిది మంది, బౌద్ధంలో నాలుగు సంప్రదాయాల నుంచి ఒక్కొక్కరు. 1960 సెప్టెంబరు 2న ప్రమాణ స్వీకారం చేశారు. దేశం పోయి పద్దెనిమిది నెలలు కూడా కాలేదు, గమనించండి. ఇప్పటికీ ఏటా సెప్టెంబరు 2ని వాళ్ళు ప్రజాస్వామ్య దినంగా జరుపుకుంటారు. ప్రజాస్వామ్యాన్ని వాళ్ళ భాషలో మాంగ్‌త్సో అంటారు. చంద్రగిరిలో నేను ఆ పండుగ చూశాను. బడి పిల్లలు పాడతారు, పెద్దలు ధర్మశాల నుంచి, అంటే హిమాచల్ ప్రదేశ్‌లో వాళ్ళ ప్రవాస ప్రభుత్వం ఉన్న ఊరి నుంచి, వచ్చిన ప్రకటన చదువుతారు.

ఇంకా గొప్ప విషయం 1963లో జరిగింది. ఆ ఏడాది మార్చి 10న రేపటి టిబెట్ కోసం ఒక రాజ్యాంగం ప్రకటించారు. అందులో 36వ అధికరణం ఒకటుంది. శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే, ఉన్నత న్యాయస్థానాన్ని సంప్రదించి, దలైలామా అధికారాలు తీసెయ్యొచ్చు. మళ్ళీ చెబుతాను. దలైలామా ప్రకటించిన రాజ్యాంగంలోనే దలైలామాని తప్పించే దారి రాసి ఉంది. జనానికి అది మింగుడు పడలేదు. అవలోకితేశ్వరుడి అవతారం అనుకునే మనిషి అధికారాన్ని చేతులెత్తి తీసెయ్యడమా? అది తీసెయ్యండి అని అడిగారు. కుదరదన్నారాయన. అది లేకపోతే ఇది ప్రజాస్వామ్యం కాదన్నారు. ఆ అధికరణం ఉండిపోయింది.

ముప్పయ్యేళ్ళ వయసు కూడా లేని మనిషి, చేతిలో ఉన్న కాస్త అధికారాన్నీ కత్తిరించే కత్తెర తనే తయారుచేసి జనం చేతిలో పెట్టడం. నేనెన్ని రాజ్యాంగాలు చదివినా దీని దగ్గర ఆగిపోతాను.

మూడు చోల్కాలు

ఇప్పుడు ఎన్నిక ఎలా జరుగుతుందో చెప్పాలి. ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి, అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు వాళ్ళ పార్లమెంటులో 45 మంది సభ్యులు. సభ ధర్మశాలలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబరులో కూర్చుంటుంది. సభ్యుణ్ని ఛీత్యూ అంటారు. 45లో 30 సీట్లు మూడు ప్రాంతాలకి, తలా పది. ఆ ప్రాంతాన్ని చోల్కా అంటారు. ఉ-త్సాంగ్, దోతో, దోమే. దోతో అంటే ఖామ్, దోమే అంటే అమ్దో. ఇంకో పది సీట్లు మతానికి. నాలుగు బౌద్ధ సంప్రదాయాలు, బోన్ మతం, తలా రెండు. మిగతా అయిదూ భారత్, నేపాల్, భూటాన్ దాటి ఉన్నవాళ్ళకి: ఉత్తర అమెరికాకి రెండు, యూరప్‌కి రెండు, ఆస్ట్రేలియా, ఆసియాలో మిగతా దేశాలకు కలిపి ఒకటి.

ఇక్కడ తిరకాసు చూశారా? చంద్రగిరిలో ఉన్నావిడ చంద్రగిరికి ఓటెయ్యదు. ఆవిడ తాతగారి ఊరు ఏ చోల్కాలో ఉందో ఆ చోల్కాకి ఓటేస్తుంది. ఆవిడ ఆ ఊరు చూడలేదు. ఆవిడ పిల్లలు చూడలేదు. బహుశా ఎప్పటికీ చూడకపోవచ్చు. అయినా ఓటరు లిస్టులో ఆవిడ పేరు ఆ నేలకే కట్టి ఉంది. పెన్పా త్సెరింగ్ ఉన్నారు, 2021లో సిక్యోంగ్‌గా గెలిచిన ఆయన. సిక్యోంగ్ అంటే వాళ్ళ ప్రభుత్వాధినేత అనుకోండి. కర్ణాటకలో బైలకుప్పెలో పుట్టారు, మద్రాసులో కాలేజీ చదువు. పార్లమెంటుకు వెళ్ళింది మాత్రం దోమే ప్రతినిధిగా.

ఇంకో తిరకాసు. ప్రవాసంలో ఉన్నవాళ్ళలో ఉ-త్సాంగ్ వాళ్ళే బాగా ఎక్కువ, ఎందుకంటే లాసా, దక్షిణ సరిహద్దు అటే ఉన్నాయి. అమ్దో ఎక్కడో ఈశాన్యాన ఉంది. అక్కణ్ణుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. కానీ సీట్లు మాత్రం సమానం, పది, పది, పది. ఇది న్యాయమా? జనాభా లెక్కన చూస్తే అన్యాయం. మనమైతే కోర్టుకెళ్తాం. యువతరంలో చాలామంది అడిగేది కూడా అదే: మేం బతికేది శిబిరాల్లో, మా సమస్యలు శిబిరాలవి, శిబిరాల లెక్కన సీట్లు ఇవ్వండి, ఎప్పుడూ చూడని చోల్కాల పేరుతో మమ్మల్ని ఎందుకు విడదీస్తారు? మంచి ప్రశ్నే కదా?

జవాబు కూడా బలమైనదే. చైనా ఇవాళ టిబెట్ స్వయంపాలిత ప్రాంతం అని దేన్నంటుంది? ఉ-త్సాంగ్‌ని, ఖామ్‌లో పడమటి ముక్కని. అమ్దో అంతా ఛింగ్‌హాయ్, గాన్సు, సిచువాన్‌లలో కలిపేసింది. ఖామ్‌లో మిగతా భాగం సిచువాన్, యున్నాన్, ఛింగ్‌హాయ్‌లలోకి పోయింది. మ్యాపులో టిబెట్ సగానికి సగం మాయమైంది. మరి ఆ మిగతా సగం టిబెట్టేనని ఎక్కడ నిలబడి ఉంది? ధర్మశాలలో ఆ పార్లమెంటు కుర్చీల్లో నిలబడి ఉంది. దోమే పేరుతో ఉన్న ఆ పది కుర్చీలు తీసేస్తే, అమ్దో టిబెట్ కాదని వాళ్ళే ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకే తీయలేరు.

కానీ దానికి ఖరీదు కూడా కడుతున్నారు. చోల్కా సంఘాలు ఉన్నాయి, ఎన్నికలప్పుడు అభ్యర్థుల పేర్లు అవే సూచిస్తాయి. గట్టి పార్టీలు లేవు కాబట్టి ఆ ఖాళీని చోల్కా నింపుతుంది. సిక్యోంగ్ ఎన్నిక వస్తే, వీడు మనవాడా, అవతలివాడా అనే మాట వస్తుంది. ప్రాంతం పేరెత్తితే మనిషి గుండెల్లో ఏమవుతుందో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎంతో నష్టం జరిగినవాళ్ళు, ఎంత తక్కువమంది మిగిలినవాళ్ళు, వాళ్ళలోనూ ఆ గీత ఉందంటే నాకు బాధేస్తుంది. 2009లో వాళ్ళు లెక్క తీస్తే ప్రపంచమంతా కలిపి ప్రవాసులు 1,28,014 మంది. అందులో భారతదేశంలో 94,203. మన ఒక్క పట్టణం జనాభా అంతే కదా! ఆ చిన్న గుంపు మూడు ప్రాంతాల భారం మోస్తోంది.

సన్యాసుల సంగతి కూడా చెప్పాలి. సన్యాసికి, సన్యాసినికి రెండు ఓట్లు. ఒకటి చోల్కాకి, ఇంకోటి తన సంప్రదాయానికి. ఇది మారాలని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను వాళ్ళ పక్షమే. మనిషికి ఒక ఓటు అంటే ఒకటే. అన్నట్టు, కర్ణాటకలో ముండ్‌గోడ్‌లో డ్రెపుంగ్ మఠం ఉంది, లాసాలో ఉన్న పాత మఠాన్ని మళ్ళీ అక్కడ కట్టుకున్నారు. డ్రెపుంగ్ అంటే ధాన్యపు రాశి అని అర్థం. ఆ పేరు ఎక్కడిదనుకున్నారు? మన అమరావతి పక్కన ఉన్న ధాన్యకటకానిది. బుద్ధుడు కాలచక్ర బోధ చేసింది అక్కడే అని వాళ్ళ నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతి వచ్చి కాలచక్ర జరిపింది అందుకే. మనం మరిచిపోయిన ఊరి పేరుని వాళ్ళు హిమాలయాలు దాటించి, మళ్ళీ దాటించి తీసుకొచ్చారు.

ఇంకో మాట. ఈ ప్రభుత్వానికి ఏ బలం ఉంది? పోలీసులు లేరు. జైలు లేదు. సైన్యం లేదు. మన ప్రభుత్వంతో సహా ఏ దేశమూ దాన్ని ప్రభుత్వంగా గుర్తించలేదు. పన్ను కట్టకపోతే పట్టుకునేవాడు లేడు. అయినా కడతారు. ఛత్రెల్ అంటారు, స్వచ్ఛంద చందా. కట్టినట్టు ఆకుపచ్చ పుస్తకంలో ముద్ర వేస్తారు, గ్రీన్ బుక్ అనే అంటారు. ఆ పుస్తకంలో బాకీ లేకపోతేనే ఓటు. నా స్వెట్టర్ల ఆవిడ తర్వాతి ఏడాది ఆ పుస్తకం తీసి చూపించింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టుకుంది. మన ఇళ్ళల్లో పట్టాదారు పాస్ పుస్తకం దాచుకున్నట్టు. భూమి లేని పాస్ పుస్తకం అది.

ఆ ఓటు కూడా అందరికీ దొరకదు. 2010 అక్టోబరు 3న ప్రాథమిక ఎన్నిక జరిగింది. వాళ్ళ ఎన్నిక రెండు దశలు. మొదటి దశలో ఓటర్లు తమకు నచ్చిన పేరు తామే రాస్తారు, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు రెండో దశకు వెళ్తారు. ఆ రోజు కాట్మండూలో నేపాల్ పోలీసులు వచ్చి, జనం ఓట్లేసిన బ్యాలెట్ పెట్టెల్ని ఎత్తుకెళ్ళిపోయారు. పెట్టె నిండా ఓట్లు. లెక్కపెట్టనే లేదు. ఒక్కసారి ఊహించుకోండి. మీరు లైన్లో నిలబడి, ఓటేసి, ఇంటికెళ్ళి టీ తాగుతున్నారు. మీ ఓటున్న పెట్టె పోలీసు వ్యానులో వెళ్ళిపోయింది. మీరు ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

ఇక టిబెట్ లోపల ఉన్న అరవై లక్షల మందికి అసలు ఓటే లేదు. వాళ్ళ పేరు మీదే ఈ పార్లమెంటు నడుస్తోంది. అది ఆ సభ్యులందరికీ తెలుసు.

1991లో చార్టర్ రాసుకున్నారు, ప్రవాస టిబెటన్ల చార్టర్, అంటే ప్రవాసంలో ఉన్నవాళ్ళకి రాజ్యాంగం లాంటిది. అక్కడినుంచి సభ నిజమైన శాసనసభ అయింది, మంత్రుల్ని సభ ఎన్నుకోవడం మొదలైంది, మరుసటి ఏడాది న్యాయ కమిషన్, అంటే వాళ్ళ కోర్టు, వచ్చింది. 2001లో ప్రభుత్వాధినేతని జనమే నేరుగా ఎన్నుకున్నారు. సాంధోంగ్ రింపోచే అనే సన్యాసి 84 శాతం ఓట్లతో గెలిచారు. అప్పటికీ పైన దలైలామా ఉన్నారు. అసలు గుండె గుభేలుమన్నది 2011లో.

ఆ ఏడాది మార్చి 10న దలైలామా చెప్పారు: రాజకీయాధికారం ఇక నాకు వద్దు, ఎన్నికైన నాయకుడికి ఇచ్చేస్తాను. 1642లో అయిదో దలైలామా మొదలుపెట్టిన పాలన. మూడున్నర శతాబ్దాల పైమాట. పార్లమెంటు కూర్చుని, దయచేసి మళ్ళీ ఆలోచించండి అని కోరింది. ఆయన ఆలోచించలేదు. పేరుకైనా దేశాధినేతగా ఉండమన్నారు. అదీ వద్దన్నారు. మే 29న చార్టర్ సవరణ అయిపోయింది.

చంద్రగిరిలో ఒక పెద్దాయన్ని ఆ రోజు గురించి అడిగాను. ఎనభై దాటినవాడు, రోడ్డు పనుల్లో రాళ్ళు కొట్టిన మనిషి. తండ్రి బతికుండగానే పిల్లలకు ఆస్తి పంచితే ఇల్లు ఎంత బోసిపోతుందో ఆ రోజు శిబిరం అంత బోసిపోయిందన్నాడు. మరి ఇప్పుడో అన్నాను. పిల్లలు పెద్దవాళ్ళు కావాలి కదా అన్నాడు.

2011లోనే జరిగిన ప్రభుత్వాధినేత ఎన్నికలో లోబ్‌సాంగ్ సంగే 27,051 ఓట్లతో, అంటే 55 శాతంతో గెలిచారు. డార్జిలింగ్‌లో పుట్టి, హార్వర్డ్‌లో చదివిన మనిషి. టిబెట్ చూడనివాడు. 2021లో పెన్పా త్సెరింగ్‌కి 34,324 ఓట్లు, ప్రత్యర్థికి 28,907. తేడా 5,417. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, 84 శాతం నుంచి ఇక్కడికి వచ్చారు. అంటే జనం ఒకే మనిషి వైపు చూడటం మాని, ఇద్దరిలో ఎవరు మేలని తమలో తాము వాదించుకోవడం నేర్చుకున్నారు. స్వెట్టర్ల దుకాణంలో అక్కాతమ్ముళ్ళు పోట్లాడుకున్నది అదే.

దారి గురించిన వాదన

ఇక అన్నిటికంటే కష్టమైన విషయం. ఏ దారి? ఉమేలమ్, అంటే మధ్యేమార్గం. చైనాలోనే ఉంటాం, మూడు చోల్కాలకీ కలిపి నిజమైన స్వయంప్రతిపత్తి ఇవ్వండి. 1988లో స్ట్రాస్‌బర్గ్‌లో దలైలామా దీన్ని ప్రపంచం ముందు పెట్టారు. రెండో దారి రంగ్‌జెన్, పూర్తి స్వాతంత్ర్యం. 2002 నుంచి 2010 దాకా చైనాతో తొమ్మిది విడతలు చర్చలు జరిగాయి. ఏమీ రాలేదు. 2008లో టిబెట్ అంతటా జనం లేచారు, అణచివేత జరిగింది. ఆ నవంబరులో ధర్మశాలలో ప్రత్యేక సమావేశం పెట్టి, ఏ దారి కావాలో మీరే చెప్పండి, నా ముఖం చూడకండి అన్నట్టు దలైలామా దూరంగా ఉన్నారు. దాదాపు ఆరువందల మంది ఆరు రోజులు మాట్లాడుకున్నారు. ఎక్కువమంది మధ్యేమార్గమే అన్నారు, ఫలితం లేకపోతే వేరే దారి చూడాలనీ అన్నారు.

ఇంతవరకు బాగుంది. మరి రంగ్‌జెన్ కావాలని నిలబడ్డవాడి సంగతి? 2015 ప్రాథమిక ఎన్నికలో లుకర్ జామ్ అనే మాజీ రాజకీయ ఖైదీ స్వాతంత్ర్యం పేరుతో పోటీ చేశాడు. దలైలామా విధానాన్ని బాహాటంగా విమర్శించాడు. ఎన్ని మాటలు పడ్డాడో! ద్రోహి అన్నారు, గురువుని అవమానించాడన్నారు. ఆయన మూడో స్థానంలో వచ్చాడు. ఓటింగు అయ్యాక ఎన్నికల సంఘం ఒక నియమం చెప్పింది: రెండో స్థానానికి, మూడో స్థానానికి మధ్య తేడా 20 శాతం దాటితే ఇద్దరే రెండో దశకు వెళ్తారు. ఆట అయ్యాక గీత గీసినట్టు. ఆయన ఎలాగూ గెలిచేవాడు కాదు. కానీ ఆయన చివరి దశ దాకా వేదిక మీద ఉండి, మధ్యేమార్గం ఎందుకు వద్దో జనం ముందు చెప్పి ఉంటే బాగుండేది కదా? అది తప్పు అని నేను గట్టిగా అనుకుంటాను. వాళ్ళలోనూ చాలామంది అప్పుడే అన్నారు, పత్రికల్లో రాశారు.

ఇక్కడే నాకు వాళ్ళ కష్టం అర్థమవుతుంది. దలైలామా అభిప్రాయంతో విభేదించడం అంటే మనకి ముఖ్యమంత్రితో విభేదించడం లాంటిది కాదు. పొద్దున్నే ఆ ఫోటో ముందు దీపం పెట్టి, మధ్యాహ్నం ఆ మాట తప్పని చెప్పాలి. ఎవరికైనా ఎంత టెన్షన్! దలైలామాకే ఇది తెలుసు కాబట్టి మళ్ళీ మళ్ళీ పక్కకి తప్పుకున్నారు. ఆయన తప్పుకున్నా, ఆయన పేరు అడ్డుపెట్టి అవతలివాడి నోరు మూయించేవాళ్ళు తప్పుకోలేదు.

2021లో జరిగింది కూడా దాచకుండా చెప్పాలి. ఆ మార్చిలో పాత పార్లమెంటు న్యాయ కమిషన్‌లో ముగ్గురు కమిషనర్లనూ తీసేసింది. చార్టర్ ప్రకారం ఆ అధికారం సభకు ఉందా లేదా అన్నది గొడవ. కమిషనర్లు మళ్ళీ పదవిలో కూర్చున్నారు. కొత్త సభ్యులు వచ్చారు. ప్రమాణం ఎవరి ముందు చెయ్యాలి? ప్రధాన న్యాయ కమిషనర్ నుంచి మొదలవ్వాలి అని ఒక వర్గం. సభ తీసేసిన మనిషి దగ్గర మేం చెయ్యం అని ఇంకో వర్గం. నెలల తరబడి సభ కూర్చోలేదు. గెలిచిన సిక్యోంగ్‌కి మంత్రుల్ని ఆమోదించే సభ లేదు. ఆ రెండు వర్గాల్లో చోల్కా గీత కూడా కనబడిందని ఎంతోమంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. అక్టోబరుకి గానీ సర్దుకోలేదు.

దీన్ని చూసి, చూశారా, వీళ్ళకి ప్రజాస్వామ్యం చేతకాదు అన్నవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. పోలీసు లేడు, సైన్యం లేదు, గవర్నరు లేడు, పైకోర్టు లేదు. రాష్ట్రపతి పాలన పెట్టేవాడు లేడు. అంత గొడవలో ఒక్కరి మీద చెయ్యి పడలేదు. నెలలు మాట్లాడుకుని, ఒకరికొకరు తగ్గి, లోపలికెళ్ళి ప్రమాణం చేశారు. బలవంతపెట్టేవాడు లేకుండా ఒక రాజ్యాంగ సంక్షోభం తీరడం మీరెక్కడైనా చూశారా?

మన దేశంలో వాళ్ళ ఓటు గురించి కూడా రెండు మాటలు. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇక్కడ పుట్టినవాళ్ళు మన చట్టం ప్రకారం పుట్టుకతో పౌరులు. 2013లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో అదే చెప్పింది, 2014లో మన ఎన్నికల సంఘం టిబెటన్లను ఓటరు జాబితాలో చేర్చమంది. మళ్ళీ చర్చ. ఓటరు కార్డు తీసుకుంటే శరణార్థి అన్న గుర్తింపు పోతుందా? పోతే టిబెట్ సంగతి ఎవరు అడుగుతారు? తీసుకోకపోతే పిల్లలకు ఉద్యోగం, భూమి, బ్యాంకు లోను ఎలా? ధర్మశాల వాళ్ళు ఇది ఎవరిష్టం వాళ్ళది అన్నారు. కొన్ని ఇళ్ళలో అన్న తీసుకున్నాడు, తమ్ముడు తీసుకోలేదు. నా స్వెట్టర్ల ఆవిడ తీసుకోలేదు. తమ్ముడు తీసుకున్నాడు. దాని మీద కూడా పోట్లాటే.

దలైలామాకి 2025 జూలైలో తొంభై నిండాయి. ఆ పుట్టినరోజుకి ముందే, దలైలామా పరంపర కొనసాగుతుందని, తర్వాతి దలైలామాని గుర్తించే అధికారం తను పెట్టిన గాదెన్ ఫోడ్రాంగ్ ట్రస్టుదేనని, ఇంకెవరికీ హక్కు లేదని చెప్పారు. చైనా ఆ హక్కు తమదే అంటోంది. ఒకవేళ రెండు పేర్లు వస్తే? కొత్త దలైలామా అని గుర్తించిన బాలుడు పెద్దవాడయ్యేదాకా ఇరవై ఏళ్ళు ఎవరు నిలబడాలి? 2011లో దలైలామా అలా ఆస్తి పంచింది ఆ ఇరవై ఏళ్ళ కోసమే అని నాకు అనిపిస్తుంది.

పోయిన చలికాలం మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. ఆవిడ జుట్టు నెరిసింది. కూతురు బెంగళూరులో నర్సింగు చేస్తోంది. అమ్మాయి ఏ చోల్కాకి ఓటేస్తుందమ్మా అని అడిగాను. ఆవిడ స్వెట్టర్ మడతపెడుతూ, అదీ మాకు గొడవే బాబూ అంది. అమ్మాయి తండ్రి ఖామ్, ఈవిడ ఉ-త్సాంగ్. అమ్మాయేమో ఫోన్ చేసి, నేను పుట్టింది చంద్రగిరిలో, చంద్రగిరికి సీటు ఎప్పుడిస్తారు అని అడుగుతుందట.

నేను ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి. ఆ నీలం చీర అమ్మగారు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తారు, మైకు ముందు వారికి ఇవ్వండి.